ముగ్గుపిండితో హిరోషిమా పాఠం

జూలై నెలాఖరు వచ్చిందంటే కొత్తగా ఉద్యోగంలో చేరిన సోషల్ టీచర్లు నాకు ఫోన్ చేస్తారు. "మేడం, ఆ ముగ్గు పాఠం ఎట్లా చేస్తారో ఇంకోసారి చెప్పరా?" అని. ఫోన్లో చెప్తే సగమే ఎక్కుతుంది. అందుకే ఈసారి కూర్చుని రాస్తున్నాను.

తిరుపతిలో హైస్కూలు పిల్లలకు ఇరవై ఎనిమిదేళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. అందులో మొదటి పదేళ్లు ఈ అణుబాంబు పాఠాన్ని పరమ చప్పగా చెప్పాను. "1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. జపాన్ లొంగిపోయింది. రాసుకోండి." పిల్లలు రాసుకునేవాళ్లు. లక్ష మంది పోయారన్నా, వెయ్యి మంది పోయారన్నా వాళ్లకు ఒకటే. ఒక ఏడాది వెనక బెంచీలో ఒకడు లేచి, "మేడం, ఎంత దూరంలో ఉండుంటే బతికేవాళ్లు?" అన్నాడు. నాకు తెలియదు. "కూర్చోరా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వాడు అడిగిందే అసలు ప్రశ్న.

దీనికి మూడు పీరియడ్లు కావాలి. రెండింట్లో ముగించేద్దాం అనుకోకండి, మూడోదాంట్లోనే అసలు సరుకుంది. కిలో ముగ్గుపిండి, అయిదు మీటర్ల పురికొస, ఒక పెద్ద మేకు, మీటరు కర్ర స్కేలు, పీఈటీ సారు దగ్గర ఒక ఫుట్‌బాల్, నల్ల స్కెచ్ పెన్నులు, కొన్ని జిరాక్స్ కాగితాలు. ఆవరణలో అయిదారు మీటర్ల చదునైన చోటు చూసుకోండి. ముందురోజే నీళ్లు చల్లించండి. పొడినేల మీద పిండి నిలవదు, ఎగిరిపోతుంది.

ముందురోజు ఇచ్చే హోంవర్కు ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని, స్కూలు గేటు నుంచి ఏదో ఒక దిక్కుకు సరిగ్గా 2 కిలోమీటర్లు నడిచి రమ్మనండి. ఫోన్లో దూరం చూసుకోవచ్చు. ఎన్ని నిమిషాలు పట్టింది, దారిలో ఎన్ని టీకొట్లు, ఎన్ని బడులు, ఎన్ని ఆస్పత్రులు తగిలాయి రాసుకురావాలి. చాలామంది ఇరవై అయిదు నిమిషాలని రాస్తారు. ఎందుకు నడవమన్నారో ఆరోజు చెప్పకండి.

ముగ్గు వేసే రోజు మొదట మేకు దిగ్గొట్టండి. లెక్క సులువు: కిలోమీటరుకు ఒక మీటరు. పురికొస ఒక కొస మేకుకు, రెండో కొస మీ చూపుడువేలుకు. కొస బిగుతుగా ఉండాలి, నడుం వంచి వెనక్కి నడుస్తూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి వదలాలి. సార్లు వేస్తే ఇది దోసకాయలాగా వస్తుంది. మొహమాటపడకుండా ఆయమ్మను పిలవండి. మా బడి ఆయమ్మ కొస లేకుండానే గుండ్రంగా వేసేది.

మొదటి గీత 2 మీటర్ల దగ్గర. దాని లోపల 1 మీటరు 20 సెంటీమీటర్ల దగ్గర ఇంకొకటి. మేకు నుంచి 16 సెంటీమీటర్ల దూరంలో, అంటే జానెడు కూడా లేదు, ఒక అగ్గిపెట్టె పెట్టండి. తర్వాత నీలం చాక్‌పీసుతో ఉత్తరం నుంచి దక్షిణానికి ఏడు పాయలు గీయండి. హిరోషిమా ఓతా నది డెల్టా మీద కట్టిన ఊరు. కాలిన ఒంటితో జనం దిగింది ఈ పాయల్లోకే.

ఇక ఫుట్‌బాల్. బాంబు నేల మీద పడి పేలలేదు, సుమారు 600 మీటర్ల ఎత్తున గాల్లో పేలింది. మన లెక్కలో 60 సెంటీమీటర్లు. ఒక పిల్లవాడిని స్కేలు నిలబెట్టి పట్టుకోమనండి, ఇంకొకడు ఆ ఎత్తున మేకుకు పైగా బంతిని పట్టుకోవాలి. పేలిన ఒక సెకనుకు ఆ నిప్పుముద్ద అడ్డకొలత దాదాపు 280 మీటర్లు. ఫుట్‌బాల్ దానికి కొంచెం చిన్నదే, అయినా సరిపోతుంది. మొదట్లో నేను సరైన కొలత కోసం బెలూన్ ఊదించాను. అది మధ్యలో టప్పున పేలింది. నలభై మంది పిల్లలు కేకలేసి, పడీపడీ నవ్వారు. ఆ పీరియడ్ మళ్లీ దారికి రాలేదు. బెలూన్ వద్దు.

బంతిని అలాగే పట్టుకోమని చెప్పి, అప్పుడు కథ మొదలుపెట్టండి. ఆరోజు సోమవారం. ఉదయం 7.09కి హిరోషిమాలో సైరన్ మోగింది. వాతావరణం చూసుకోవడానికి ఒక్క విమానం వచ్చి వెళ్లింది. 7.31కి ప్రమాదం తప్పిందని మళ్లీ మోగింది. జనం పనుల్లో పడ్డారు. 8.15కి, ఇప్పటి మన గడియారంలో తెల్లవారుజామున 4.45కి, ఎనోలా గే అనే అమెరికా విమానం బాంబు వదిలింది. గురిపెట్టింది ఇంగ్లీషు టీ అక్షరంలా ఉండే అయోయ్ వంతెనకు. గురి కాస్త తప్పి షిమా ఆస్పత్రి అనే చిన్న ఆస్పత్రి నెత్తిన పేలింది. మన మేకు ఉన్న చోటు అదే. అక్కడ నేల మీద వేడి 3,000 నుంచి 4,000 డిగ్రీలు. ఇనుము కరగడానికి 1,538 డిగ్రీలు చాలని సైన్సు సారు చెప్పే ఉంటారు.

ఇక పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి ముగ్గులో నిలబెట్టండి. పాదాలు గీత మీద పడకూడదని చెప్పండి, ముగ్గు తొక్కకూడదని వాళ్లకు ఎలాగూ తెలుసు. 1.2 కిలోమీటర్ల గీత లోపలున్న వాళ్లలో దాదాపు సగం మంది ఆ ఒక్కరోజే పోయారు. మేకుకు దగ్గరైన కొద్దీ నూటికి ఎనభై మంది, ఆపైన. 2 కిలోమీటర్ల గీత లోపల ఊరు కూలి, కాలి, బూడిదయింది. అంటే నిన్న మీరు నడిచిన ఇరవై అయిదు నిమిషాలు. ఇక్కడ ఆగండి. పిల్లలు తమంతట తాము నిన్నటి నోట్సు తీసి చూసుకుంటారు. మనం వేలుపెట్టి చూపించక్కర్లేదు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మొదటిసారి నేను తిరుపతినే ముగ్గులో పెట్టాను. మేకు దగ్గర మన బడి, ఇక్కడ గోవిందరాజస్వామి గుడి, ఇదిగో బస్టాండ్, అటు అలిపిరి అని పేర్లు చదివాను. ఏడో తరగతి పాప ఒకతి, "మేడం, మా అవ్వా వాళ్ల ఇల్లు గీత లోపలుందా?" అని అడిగింది. ఉందన్నాను. మధ్యాహ్నం అన్నం ముట్టలేదట. మర్నాడు వాళ్లమ్మ వచ్చి, "పాఠం చెప్పండి మేడం, కాదనను. మా అత్తను ఎందుకు చంపినారు అందులో?" అంది. కోపంగా కాదు, నెమ్మదిగానే అంది. ఆమెదే న్యాయం. అప్పటి నుంచి ముగ్గులో హిరోషిమా పేర్లే. చుట్టూ దూరాలు మాత్రం మనవి: రేణిగుంట దాదాపు పది మీటర్లవతల గేటు దగ్గర, చంద్రగిరి ఇంకా అవతల. అవి భయపెట్టవు, కొలతకు పనికొస్తాయి.

అగ్గిపెట్టె సంగతి చెప్పండి. అది 1915లో కట్టిన పరిశ్రమల ప్రదర్శనశాల, యాన్ లెట్జెల్ అనే చెక్ శిల్పి గీసిన భవనం. బాంబు దాదాపు నడినెత్తిన పేలడంతో దెబ్బ పైనుంచి కిందికి పడింది, గోడలు కొన్ని నిలిచాయి. ఇనుప చువ్వల గుమ్మటంతో ఇవాళ్టికీ అట్లాగే ఉంది, 1996లో యునెస్కో జాబితాలోకెక్కింది. దాని పక్కనే, 17 సెంటీమీటర్ల దగ్గర, ఒక కాగితం ముక్క పెట్టండి. ఇది వేరే భవనం, ఇంధన సంఘానిది. అందులో పనిచేసే ఒక ఉద్యోగి ఆ నిమిషాన ఏవో కాగితాల కోసం నేలమాళిగలోకి దిగాడు. బతికాడు. 1982 దాకా బతికాడు. పిల్లలు ఈ సంగతి ఇంటికెళ్లి తప్పకుండా చెప్తారు.

లోపలి గీతల మధ్య గుప్పెడు చింతగింజలు చల్లండి. ఇవి బడిపిల్లలు. విమానదాడుల్లో మంటలు పాకకుండా ఊరి మధ్య ఇళ్లు కూల్చి ఖాళీ చేసే పనికి పన్నెండు, పదమూడేళ్ల పిల్లల్ని వేలమందిని తెచ్చారు. ఎనిమిది గంటలకు పనిలో ఉన్నారు. అక్కడి మ్యూజియంలో అలాంటి ఒక అబ్బాయి అన్నం డబ్బా ఉంది, లోపలి అన్నం బొగ్గయిపోయి. ఇది చెప్పాక కాసేపు మాట్లాడకండి.

బయటి గీతకు కొంచెం అవతల, 2 మీటర్ల 20 దాటాక, ఒక పిల్లవాడికి పాత కెమెరా ఇచ్చి నిలబెట్టండి. యోషితో మత్సుషిగె, స్థానిక పత్రిక ఫొటోగ్రాఫర్. మియుకి వంతెన దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా ఒళ్లు కాలిన పిల్లలు. బటన్ నొక్కలేక చాలాసేపు ఆగిపోయాడు. ఆరోజు మొత్తం మీద ఆయన తీయగలిగింది అయిదు ఫొటోలే. ఇక్కడ నా మాట ఒకటి వినండి. చార్టు మీద పుట్టగొడుగు మేఘం బొమ్మ అంటించి పాఠం మొదలుపెట్టకండి. అది విమానంలోంచి తీసిన ఫొటో, వేసినవాడి కిటికీ. దాంట్లో మనుషులెవరూ ఉండరు.

చివరగా 1.6 మీటర్ల దగ్గర ఒక ఎర్రపూస. సదాకో ససాకి, అప్పటికి రెండేళ్ల పాప. ఒంటి మీద గీత పడకుండా బయటపడింది. పూసను అక్కడే ఉంచండి, మూడోరోజు కావాలి.

లెక్కలు చెప్పేటప్పుడు జాగ్రత్త. హిరోషిమాలో 1945 చివరికి సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 74,000 మంది చనిపోయారని అంచనా. ఊరి రికార్డులు ఊరితోపాటే కాలిపోయాయి, సైనికులు, కొరియా నుంచి తెచ్చిన కూలీలు ఎంతమందో లెక్కలేదు, అందుకే 'సుమారు'. అప్పటి హిరోషిమాలో 3.5 లక్షల మంది దాకా ఉండేవాళ్లు. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగరం 2.87 లక్షలు. ఈ పోలిక పిల్లలకు చాలు.

నాగసాకికి వేరే ముగ్గు అక్కర్లేదు. పిల్లల్ని ఉత్తరం వైపు తిప్పి కొండలు చూపించండి. ఆ బాంబు హిరోషిమా దానికంటే బలమైనది, అయినా చావులు తక్కువ. ఎందుకంటే అది ఉరకామి లోయలో పేలింది, కొండలు మిగతా ఊరికి అడ్డం నిలిచాయి. కొండ అడ్డం ఉండటం అంటే ఏమిటో తిరుపతి పిల్లలకు వేరే చెప్పాలా? ఆరోజు అసలు గురి కొకురా అనే ఊరు. అక్కడ మబ్బూ పొగా కమ్మి కిందేమీ కనబడలేదు. మూడుసార్లు తిరిగి చూసి విమానం నాగసాకి పోయింది.

మొదటి పీరియడ్ అయ్యాక మేకు తీసి ఆ చోట గులాబీరంగు గన్నేరు పూలు పెట్టించండి. బాంబు పడ్డాక తొందరగా పూసిన చెట్లలో అది ఒకటి, హిరోషిమా నగరపుష్పం కూడా అదే. మన హైవే డివైడర్ల మీద కావలసినంత ఉంది. గన్నేరు పాలు విషం, పిల్లలతో చేతులు కడిగించడం మర్చిపోవద్దు.

రెండో పీరియడ్ ప్రశ్నలకు. ఏ ఏడాదైనా వచ్చే ప్రశ్నలు అవే. "ఇప్పుడు కూడా అక్కడ రేడియేషన్ ఉందా?" లేదు. గాల్లో చాలా ఎత్తున పేలింది కాబట్టి నేల మీద మిగిలింది తక్కువ, అది త్వరగానే తగ్గిపోయింది. ఇప్పుడక్కడ మామూలు ఊళ్లలో ఉన్నంతే. "టోక్యో మీద ఎందుకు వేయలేదు?" టోక్యో అప్పటికే కాలిపోయింది. మార్చి 9, 10 తేదీల మధ్య ఒక్క రాత్రి మామూలు నిప్పుబాంబులతోనే లక్షమంది దాకా పోయారు. "వేయడం తప్పా, ఒప్పా?" దీనికి మీరు జవాబు చెప్పకండి, చేతులెత్తించి ఓటింగ్ అసలు పెట్టకండి. ఒక జట్టుకు యుద్ధం ఇంకా సాగితే పోయే ప్రాణాల వాదన ఇవ్వండి. ఇంకో జట్టుకు, ఆగస్టు 8న సోవియట్ యుద్ధం ప్రకటించడం వల్లే జపాన్ దిగొచ్చేదన్న వాదన ఇవ్వండి. మధ్యలో ఆపి జట్లు మార్చండి. ఇందాక తప్పన్నవాడు ఇప్పుడు ఒప్పని వాదించాలి.

జపాన్ చేసింది కూడా దాచకండి. 1937లో చైనాలోని నాన్జింగ్‌లో జపాన్ సైన్యం చేసిన ఊచకోత. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది జపాన్ విమానాలే, పిల్లలకు ఇది కొత్త వార్త. అండమాన్‌ను 1942 నుంచి 1945 దాకా పట్టుకుని అక్కడ మనవాళ్లను కాల్చి చంపారు. హిరోషిమా పసిపిల్ల మీద జాలిపడటానికి ఇవేవీ అడ్డం కావు, పిల్లలు పెద్దవాళ్ల కంటే తేలిగ్గా ఈ రెండూ పట్టుకుంటారు.

ఇక మూడోరోజు. పుస్తకాలు 'జపాన్ లొంగిపోయింది' దగ్గర ఫుల్‌స్టాప్ పెట్టేస్తాయి. లొంగిపోయిన మర్నాడు ఆ పిల్లలు ఏ బడికి పోయారు, ఏం చదివారు, ఏం తిన్నారు?

ఆగస్టు 15 మధ్యాహ్నం చక్రవర్తి గొంతు జనం మొదటిసారి రేడియోలో విన్నారు. మాట్లాడింది రాజసభ భాష, చాలామందికి అర్థం కాలేదు. పిల్లలకు రుచి చూపించాలంటే పాత గ్రాంథికంలో ఒక పేరా గడగడా చదివి, "ఇప్పుడు నేను యుద్ధం ఓడిపోయాను అన్నానా, గెలిచాను అన్నానా?" అని అడగండి. ఆ ప్రసంగంలో ఓటమి అన్న మాటే లేదు. సెప్టెంబర్ 2న మిస్సౌరీ యుద్ధనౌక మీద సంతకాలయ్యాయి. అప్పటి నుంచి 1952 ఏప్రిల్ 28 దాకా, ఆరేళ్ల ఎనిమిది నెలలు, జపాన్‌ను నడిపింది టోక్యోలో ఒక ఇన్సూరెన్సు కంపెనీ భవనంలో కూర్చున్న ఆక్రమణ సైన్యం ఆఫీసు. 1951 దాకా దాని పెద్ద అమెరికా జనరల్ మెకార్థర్. ఒకినావా అయితే 1972 దాకా అమెరికా చేతిలోనే ఉంది.

ఇప్పుడు జిరాక్స్ కాగితాలు పంచండి. వాళ్ల తెలుగు వాచకంలోంచే ఒక పేజీ. స్కెచ్ పెన్ను ఇచ్చి, మీరు చదివే వాక్యాల్ని నల్లగా కొట్టేయమనండి. ఎందుకో చెప్పకండి. "మూడో లైను. కొట్టండి. అయిదో లైను, మొదటి సగం. కాగితం ఎత్తి వెలుతురులో చూడండి, అక్షరం కనబడుతోందా? ఇంకోసారి పూయండి." రెండు నిమిషాలకే గుసగుసలు మొదలవుతాయి. ఒకసారి ఒక పిల్ల పెన్ను కింద పెట్టి, "మేడం, ఇది నాకు ఇష్టమైన పద్యం" అంది. కొట్టు అన్నాను. కొట్టలేదు. 1945 శరదృతువులో జపాన్ తరగతి గదుల్లో జరిగింది ఇదే. యుద్ధాన్ని పొగిడే వాక్యాలన్నీ సిరాతో పూసేయమన్నారు. పూయించింది, మొన్నటిదాకా వాటినే కంఠతా పట్టించిన టీచర్లు. నన్ను అడిగితే మొత్తం పాఠంలో టీచర్లు గుటకలు మింగాల్సిన చోటు ఇది.

తర్వాత రెండో సిరా. 1945 సెప్టెంబర్‌లోనే ఆక్రమణ సైన్యం పత్రికలకు నియమావళి పెట్టింది. బాంబు దెబ్బల గురించి రాయడం, ఫొటోలు వేయడం కష్టమైపోయింది. వాళ్లే 1946 ఫిబ్రవరిలో వారం రోజుల్లో కొత్త రాజ్యాంగం చిత్తుప్రతి రాసిచ్చారు. అందులో సెన్సార్ ఉండకూడదని 21వ అధికరణం. అది 1947 మే 3న అమల్లోకొచ్చింది, వాళ్ల సెన్సార్ ఆఫీసు మాత్రం 1949 దాకా నడిచింది. హిరోషిమా ఫొటోలు దేశమంతా చూసింది ఆక్రమణ పోయాక, 1952 ఆగస్టు 6న ఒక సచిత్ర వారపత్రిక వేసినప్పుడు. హిరోషిమాలో అమెరికావాళ్లు పరిశోధన కేంద్రం కూడా పెట్టారు. బాధితుల రక్తం తీసి పరీక్షించేవాళ్లు, వైద్యం మాత్రం చేసేవాళ్లు కాదు.

ఇదంతా విని పిల్లలు అమెరికా దుర్మార్గం అని తేల్చేస్తారు. తేల్చనివ్వకండి. అదే ఆక్రమణలో ఆడవాళ్లకు ఓటు వచ్చింది. 1946 ఏప్రిల్ 10 ఎన్నికల్లో 39 మంది ఆడవాళ్లు గెలిచారు. రాజ్యాంగంలో భార్యాభర్తల సమానత్వం రాసింది మెకార్థర్ ఆఫీసులో పనిచేసే బియాటె సిరోటా, అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. ఇది చెప్పగానే ఆడపిల్లలు నిటారుగా కూర్చుంటారు, చూడండి. భూస్వాముల దగ్గర భూమి కొని గుత్తకు చేసుకునే రైతులకు తక్కువ ధరకు అమ్మారు. తొమ్మిదో అధికరణంతో జపాన్ యుద్ధం చేసే హక్కునే వదులుకుంది. బడుల్లో అమెరికా పాలపొడి పోశారు. మా చిన్నతనంలో మన బడుల్లో పోసిన పాలపొడి, గోధుమరవ్వ ఉప్మా కూడా అమెరికావే. ఆ పాల వాసన నాకు ఇప్పటికీ గుర్తే, అస్సలు బాగుండేది కాదు.

మనవాళ్ల పాత్ర కొంచెం చెప్పండి. ఆక్రమణ సైన్యంలో భారత సైనికులు కూడా ఉన్నారు, వాళ్లలో ఒక బ్రిగేడ్‌కు నాయకుడు తర్వాత మన సైన్యాధిపతి అయిన తిమ్మయ్య. టోక్యో యుద్ధనేరాల విచారణలో నిందితులందరూ నిర్దోషులేనని విడిగా తీర్పు రాసిన జడ్జి రాధాబినోద్ పాల్. 1951లో జపాన్‌తో శాంతి ఒప్పందానికి శాన్ ఫ్రాన్సిస్కోలో పెట్టిన సభకు మన దేశం వెళ్లలేదు, మరుసటి ఏడాది జూన్ 9న విడిగా సంతకం చేసి నష్టపరిహారం వదిలేసింది. ఆరో తరగతి పిల్లలుంటే ఇవన్నీ వదిలేసి ఏనుగు కథ చెప్పండి. యుద్ధంలో టోక్యో జూ ఏనుగుల్ని తిండి పెట్టకుండా చంపేశారు. అక్కడి పిల్లలు ఏనుగు కావాలని నెహ్రూకు ఉత్తరాలు రాస్తే, 1949లో ఆయన ఒకదాన్ని పంపాడు. పేరు ఇందిర.

ఇప్పుడు ఆ ఎర్రపూస తీయండి. సదాకో బడికి పోయింది ఈ ఆక్రమణ కాలంలోనే. ఆ పాలపొడి తరమే. పరుగుపందెంలో క్లాసులో ముందుండేది. ఆక్రమణ సైన్యం వెళ్లేటప్పటికి తొమ్మిదేళ్లది. 1955లో రక్తక్యాన్సర్ బయటపడింది. ఆస్పత్రి మంచం మీద కాగితపు కొంగలు మడుస్తూ ఉండి, ఆ అక్టోబర్ 25న పోయింది, 12 ఏళ్లకు. బాధితుల వైద్యానికి చట్టం వచ్చింది 1957లో. 'ఎంత దూరంలో ఉండుంటే బతికేవాళ్లు' అన్నవాడికి నేను చెప్పాల్సిన జవాబులో మీటర్లే కాదు, సంవత్సరాలు కూడా ఉన్నాయి.

కొంగలు మడిపించాలనుకుంటే చివరి పది నిమిషాలే. నేను చూసిన చాలాచోట్ల ఆగస్టు 6 అంటే కొంగలే, అవి మడిచి దండకట్టి ఫొటో దిగి పోవడమే.

ముగ్గును ఆయమ్మ ఊడ్చేయకముందే ఫొటో తీసిపెట్టుకోండి, వచ్చే ఏడాది కొలతలకు పనికొస్తుంది. చింతగింజలు పిల్లలచేతే ఏరించండి, లేకపోతే జేబుల్లో వేసుకుని తర్వాతి పీరియడ్లో ఆడతారు. ఫుట్‌బాల్ అదేరోజు తిరిగి ఇచ్చేయండి. ఒకసారి నేను స్టాఫ్‌రూం బీరువాలో పెట్టి తాళం వేసుకుని వెళ్లిపోయాను, ఆ శనివారం మండలస్థాయి మ్యాచ్. పీఈటీ సారు నాతో నెలరోజులు మాట్లాడలేదు.